బ్యాటు మీది ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఆటస్థలం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఫాస్ట్‌పిచ్ (బంతిని వేగంగా విసిరే రకం) సాఫ్ట్‌బాల్ బ్యాట్ల మీదే వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఎక్కువమందికి పనికొచ్చేవి ఇక్కడ తీసుకున్నాం.

ప్రశ్న: మా బడి అమ్మాయిల జట్టుకు ఒక దాత కంపోజిట్ (కార్బన్, గాజు పోగులతో చేసిన) బ్యాటు కొనిచ్చారు. దాని మీద ఏఎస్ఏ 2004 ముద్ర స్పష్టంగా ఉంది. అయినా ఒక టోర్నమెంటులో అంపైరు దాన్ని పక్కన పెట్టేశారు. ముద్ర ఉంది కదండీ అంటే, మోడల్ జాబితాలో లేదమ్మా అన్నారు. ముద్ర ఉన్నాక మళ్లీ జాబితా దేనికి?
– వ్యాయామ ఉపాధ్యాయురాలు, పటమట, విజయవాడ

జవాబు: అంపైరు తప్పు చేశారని చెప్పలేం. ఆ ముద్ర అమెరికాలోని అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్‌ది. 2017 నుంచి ఆ సంస్థ పేరు యూఎస్ఏ సాఫ్ట్‌బాల్. తయారీదారు కొత్త మోడల్ నమూనాలను పరీక్షకు పంపుతాడు. అవి బంతిని కొట్టే వేగం పరిమితిలో ఉంటే ఆ మోడల్ మీద ముద్ర వేసుకునే హక్కు వస్తుంది, మోడల్ పేరు ఆమోదిత జాబితాలోకి ఎక్కుతుంది. మీ దాత కొన్న బ్యాటును ఎవరూ పరీక్షించలేదు. దాని అన్నదమ్ములు ఒకటి రెండింటిని పరీక్షించారు, అంతే.

ఆ తర్వాత ఎప్పుడైనా ఆ మోడల్ పరిమితి దాటుతోందని తేలితే పేరు జాబితాలోంచి పోతుంది. అప్పటికే అమ్ముడుపోయిన బ్యాట్ల మీద ముద్ర మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని ఎవరు చెరుపుతారు? అందుకే యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ ‘ముద్ర ఉన్నా అనుమతి లేని బ్యాట్లు’ అని వేరే జాబితానే ప్రచురిస్తుంది. మీ బ్యాటు అందులోది కావచ్చు. లేదా ఆ టోర్నమెంటువారు ప్రపంచ బేస్‌బాల్ సాఫ్ట్‌బాల్ సమాఖ్య జాబితాను పెట్టుకుని ఉండవచ్చు. ఆ సమాఖ్య 2013లో పాత అంతర్జాతీయ సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ సమాఖ్యల కలయికతో ఏర్పడింది, దాని ఆమోదం దానిదే. మూడో అవకాశం, అది నకిలీ బ్యాటు కావడం. ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరికే ‘ముద్ర’ బ్యాట్లలో స్టిక్కరు తప్ప ఇంకేమీ ఉండదు.

ఇకమీదట ఇలా చేయండి. బ్యాటు మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరు కాదు, పిడి పైభాగంలోనో బ్యారెల్ (బంతి తగిలే లావు భాగం) మొదట్లోనో చిన్నగా ఉండే మోడల్ కోడ్ రాసుకోండి. ఒకే పేరుతో ఏటా కొత్త కోడ్ వస్తుంది. ఒక ఏటి బ్యాటు జాబితాలో ఉండి, మరుసటి ఏటిది లేకపోవచ్చు. టోర్నమెంటు సర్క్యులర్‌లో ఏ సంస్థ నియమాలు అని ఉందో చూసి, ఆ సంస్థ జాబితాలో కోడ్ వెతికి, ఆ పేజీ ప్రింటు తీసి కిట్ బ్యాగులో పెట్టుకోండి. సర్క్యులర్‌లో ఆ మాట లేకపోతే బయలుదేరే ముందే నిర్వాహకులను రాతపూర్వకంగా అడగండి. గ్రౌండులో వాదించడం దండగ.

ప్రశ్న: బ్యాటు ‘98 మైళ్ల’ పరీక్షలో నెగ్గాలంటారు. బ్యాటుకు వేగం ఎక్కడిది? అది మనిషి చేతిలో కదా ఉంది? ఈ పరీక్ష అసలు ఎలా చేస్తారు?
– మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థి, నంబూరు, గుంటూరు జిల్లా

జవాబు: 98 అనేది బ్యాటు వేగం కాదు, బ్యాటు తగిలాక బంతి వెళ్లే వేగం. గంటకు 98 మైళ్లు, అంటే దాదాపు 158 కిలోమీటర్లు. 2004 ప్రమాణంలో ఇదే గరిష్ఠ పరిమితి. మీరు అడిగింది సరైన ప్రశ్నే. మనిషిని బట్టి మారే అంకెతో బ్యాటును ఎలా తూచగలరు? అందుకే పరీక్షలోంచి మనిషిని పూర్తిగా తీసేశారు.

పరీక్ష పద్ధతి పేరు ఏఎస్‌టీఎం ఎఫ్ 2219. ఏఎస్‌టీఎం అంటే ప్రమాణాలు రూపొందించే సంస్థ. అమెరికాలో పుల్‌మన్ ఊళ్లోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ క్రీడా విజ్ఞాన ప్రయోగశాల ఇందులో ప్రసిద్ధి. ముందు బ్యాటు పొడవు, బరువు, తూకం నిలిచే బిందువు, తిప్పడానికి ఎంత మొరాయిస్తుందన్న జడత్వ భ్రామకం కొలుస్తారు. తర్వాత నాబ్ (పిడి చివరి గుండీ) నుంచి 6 అంగుళాల దూరంలో బ్యాటును ఒక ఇరుసుకు బిగిస్తారు. బ్యాటు నిశ్చలంగా ఉంటుంది, కానీ దెబ్బ తగలగానే ఆ ఇరుసు మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. అటువైపు గాలి ఒత్తిడితో పనిచేసే ఫిరంగి. అది బంతిని స్పిన్ లేకుండా గంటకు 110 మైళ్ల వేగంతో, అంటే 177 కిలోమీటర్లతో, నిలబడి ఉన్న బ్యారెల్ మీదికి విసురుతుంది. దారిలో కాంతి తెరలుంటాయి. వెళ్లేటప్పుడు ఎంత వేగం, తిరిగొచ్చేటప్పుడు ఎంత వేగం అన్నది అవే చెబుతాయి. వంకరగా తిరిగొచ్చిన దెబ్బలను లెక్కలోకి తీసుకోరు.

ఒక్క చోట కొట్టి వదలరు. బ్యారెల్ పొడవునా కొద్దికొద్దిగా జరుపుతూ, ఒక్కో బిందువు దగ్గర ఆరు మంచి దెబ్బలు వచ్చేదాకా కొడతారు. ఎక్కడ అత్యధికంగా వచ్చిందో అదే ఆ బ్యాటు లెక్క.

ఇప్పుడు సూత్రం. తిరిగొచ్చిన వేగాన్ని వెళ్లిన వేగంతో భాగించండి. 177తో వెళ్లి 35తో తిరిగొస్తే దాదాపు 0.20. దీన్ని ఢీ సామర్థ్యం అనుకుందాం. ఆటలో బంతి వేగాన్ని ఈ అంకెతో గుణించాలి. బ్యాటు వేగాన్ని ఒకటి ప్లస్ ఈ అంకెతో గుణించాలి. రెండూ కలిపితే కొట్టిన బంతి వేగం. పిచ్, అంటే విసిరిన బంతి వేగం, 100 కిలోమీటర్లు, తగిలే చోట బ్యాటు వేగం 100 కిలోమీటర్లు అనుకుంటే 20 ప్లస్ 120, మొత్తం 140. అదే ఢీ సామర్థ్యం 0.25 అయితే 25 ప్లస్ 125, మొత్తం 150. ప్రయోగశాలలో తిరిగొచ్చే వేగం 35 నుంచి 44కి పెరిగితే మైదానంలో 10 కిలోమీటర్లు పెరుగుతుందన్నమాట. పిచ్ వేగం, బ్యాటు వేగం ఎంతని తీసుకోవాలో ప్రమాణమే నిర్ణయిస్తుంది. బ్యాటు వేగాన్ని దాని జడత్వ భ్రామకాన్ని బట్టి సరిచేస్తారు, ఎందుకంటే తిప్పడానికి తేలికైన బ్యాటు వేగంగా తిరుగుతుంది.

పట్టుకునే చేతులు లేకుండా పరీక్ష ఎలా నమ్మాలి అన్న సందేహం మీకు వస్తుంది. బంతి, బ్యాటు తాకి ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు. దెబ్బ తాలూకు కదలిక బ్యారెల్ నుంచి పిడి దాకా పోయి, చేతులు దానికి బదులిచ్చి, ఆ బదులు తిరిగి బ్యారెల్‌కి చేరేలోపు బంతి వెళ్లిపోయి ఉంటుంది. ఆ క్షణంలో ఎంత గట్టిగా పట్టుకున్నారన్నది బంతి వేగాన్ని మార్చదు. చేతుల పని అంతకుముందు, బ్యాటును ఆ వేగానికి తీసుకురావడంలో అయిపోయింది.

ఇంకో మాట. 2000 ప్రమాణంలో పరిమితి సెకనుకు 125 అడుగులు, అంటే 85 మైళ్లు. 2004లో 98 అయ్యేసరికి నియమం సడలించారని చాలామంది పొరబడతారు. పాత పరీక్షలో బంతిని తక్కువ వేగంతో కొట్టేవారు. ఆ వేగంలో బుద్ధిగా కనబడే పల్చని గోడల బ్యాట్లు అసలు ఆట వేగంలో విజృంభించేవి. ఫిరంగి వేగం పెంచాక అంకె పెరిగింది. కొలబద్ద మారింది కాబట్టి ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడకూడదు.

ప్రశ్న: అల్యూమినియం బ్యాటు బోలుగా ఉంటుంది కదా, మరి గట్టి కర్ర కంటే బంతి దూరం ఎలా పోతుంది? దీనికి పరిమితి ఎందుకు పెట్టాలి?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: బంతి తనలో తానే శక్తిని పోగొట్టుకుంటుంది. ఫాస్ట్‌పిచ్ బంతికి సాధారణంగా పెట్టే పరిమితి 0.47. గంటకు 60 మైళ్లతో గట్టి గోడకు కొడితే దాని వేగంలో 47 శాతంతో తిరిగొస్తుందని అర్థం. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 0.47ను 0.47తో గుణించండి: 0.22. అంటే బంతి నొక్కుకుని విచ్చుకునేలోపు నూటికి 78 పాళ్ల శక్తి వేడిగా పోతోంది. కర్ర బ్యాటుకు తగిలితే నొక్కుకోవాల్సింది బంతే. బోలు బ్యారెల్ అయితే గోడ కూడా కొంచెం లోపలికి వంగుతుంది. గోడ స్ప్రింగులా దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది, బంతి తక్కువ నొక్కుకుంటుంది, నష్టం తగ్గుతుంది. దీన్నే ట్రాంపొలీన్ ప్రభావం అంటారు.

పరిమితి ఎందుకంటే, అవతల పిచ్ చేసే అమ్మాయి కోసం. పిచింగ్ ప్లేటు (బంతి విసిరే చోటు) నుంచి హోమ్ ప్లేటుకు (బ్యాటర్ ఉండే చోటు) మహిళల ఆటలో 43 అడుగులు, అంటే 13.1 మీటర్లు. 158 కిలోమీటర్ల బంతి సెకనుకు 43.8 మీటర్లు పోతుంది. 13.1ని 43.8తో భాగిస్తే 0.30 సెకన్లు. పిచ్ వేశాక ఆమె అడుగు ముందుకే పడి ఉంటుంది కాబట్టి అంత కూడా దొరకదు. బాగా ఆడేవాళ్లు కూడా ఫేస్ మాస్కు పెట్టుకోవడం పిరికితనం అనుకునేవాళ్లు ఈ భాగహారం ఒకసారి చేసి చూడాలి.

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు. దుకాణంలో ‘మైనస్ 10’, ‘మైనస్ 11’ అని చెబుతున్నారు. తక్కువ బరువుదే తీసుకోమంటారా? కంపోజిట్ మంచిదా, అల్యూమినియం మంచిదా?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పొడవు అంగుళాల్లోంచి బరువు ఔన్సుల్లో తీసేస్తే వచ్చేదే ఆ మైనస్ అంకె. 33 అంగుళాల బ్యాటు 23 ఔన్సులుంటే మైనస్ 10, 22 ఔన్సులుంటే మైనస్ 11. అది మొత్తం బరువు గురించే చెబుతుంది, ఆ బరువు ఎక్కడ ఉందో చెప్పదు. చేతికి భారం అనిపించేది రెండోదే. తేలికైన బ్యాటు కొనుక్కుని పాప తిప్పలేకపోతోందని బాధపడే తల్లిదండ్రులు చాలామంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. బ్యాటును ఒక స్కేలు అంచు మీద పెట్టి తూకం నిలిచే బిందువు గుర్తించండి. నాబ్ నుంచి 6 అంగుళాల దగ్గర రెండు చెక్కముక్కల మధ్య బిగించి, ఆ చెక్కల అంచుల్లో చెరో మేకు దించండి. రెండు బల్లల మధ్య ఆ మేకుల మీద బ్యాటును వేలాడదీసి, చిన్నగా ఊపండి. అటు వెళ్లి ఇటు వస్తే ఒక ఊపు. 20 ఊపులకు పట్టిన సమయాన్ని 20తో భాగించండి. ఆ సమయం వర్గాన్ని, బరువును, 6 అంగుళాల గుర్తు నుంచి తూకం బిందువుకున్న దూరాన్ని గుణించండి. రెండు బ్యాట్లను పోల్చడానికి ఇంతే చాలు.

ఉదాహరణకు ఒక బ్యాటు 650 గ్రాములు, దూరం 35 సెంటీమీటర్లు, ఊపు 1.42 సెకన్లు అనుకోండి: దాదాపు 45,900. ఇంకోటి 620 గ్రాములే, కానీ దూరం 38, ఊపు 1.45: దాదాపు 49,500. కాటాలో 30 గ్రాములు తక్కువున్న బ్యాటు తిప్పేటప్పుడు 8 శాతం ఎక్కువ బరువన్నమాట. దీన్ని కొస బరువు బ్యాటు అంటారు, బలమైన హిట్టర్లకు సరే. మీ పాపకు మొదటిదే మేలు. దుకాణంలో ఇదంతా కుదరకపోతే, పాపను ఒంటి చేత్తో బ్యాటును నేరుగా ముందుకు చాచి 20 సెకన్లు పట్టుకోమనండి. కొస వాలిపోతే ఆ బ్యాటు వద్దు. పొడవు కోసం నాబ్‌ను ఛాతీ మధ్యన ఆనించి బ్యాటును ముందుకు పెడితే, చాచిన వేళ్లు బ్యారెల్ కొసను అందుకోవాలి.

మొదటి బ్యాటు అల్యూమినియమే కొనండి. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకేలా కొడుతుంది, పాడైతే సొట్ట పైకే కనబడుతుంది. కంపోజిట్ ఖరీదు, దాని సంగతి కింది ప్రశ్నలో ఉంది.

ప్రశ్న: కొత్త కంపోజిట్ బ్యాటు మొదట్లో మొద్దుగా ఉంది. ‘రోలింగ్ చేయించి ఇస్తాం, మొదటి రోజే పూర్తి వేగం’ అని ఆన్‌లైన్‌లో ఒకరు అంటున్నారు. చేయించవచ్చా? ఎవరైనా చేయించి ఉంటే ఎలా కనిపెట్టాలి?
– కోచ్, మంగళగిరి

జవాబు: వద్దు. రోలింగ్ అంటే బ్యారెల్‌ను రెండు రోలర్ల మధ్య నొక్కి తిప్పడం. కంపోజిట్ అంటే కార్బన్, గాజు పోగుల పొరలను రెజిన్‌తో అంటించింది. వాడుతున్నకొద్దీ రెజిన్‌లో కంటికి కనబడని చీలికలు వస్తాయి, పొరలు కొద్దిగా వదులవుతాయి, గోడ మెత్తబడుతుంది, ట్రాంపొలీన్ ప్రభావం పెరుగుతుంది. అందుకే కంపోజిట్ కొత్తప్పటి కంటే పాతబడ్డాక బాగా కొడుతుంది, చివరికి పగులుతుంది. ముద్ర చెప్పనిది ఇక్కడే ఉంది. నమూనా బ్యాటు పరీక్షలో 97 చూపించి నెగ్గి ఉంటే, అదే బ్యాటు ఏడాది తర్వాత 97 దగ్గరే ఉంటుందన్న హామీ ఏదీ లేదు. అందుకని అమెరికా కళాశాలల బేస్‌బాల్‌లో కంపోజిట్ బ్యాటును ముందే రోలర్లతో అరగదీసి, మళ్లీ ఫిరంగి ముందు పెట్టి చూసే పద్ధతి తెచ్చారు.

రోలింగ్ వల్ల రావాల్సిన వేగం త్వరగా వస్తుంది, ఆయుష్షు సగంలోనే పోతుంది. పైగా నియమాల్లో అది బ్యాటును మార్చడం కిందికి వస్తుంది. నియమాలకు విరుద్ధమైన బ్యాటుతో నిలబడితే బ్యాటర్ అవుట్. మార్చిన బ్యాటైతే అవుట్‌తో పాటు ఆట నుంచి బయటికి పంపేస్తారు. ‘షేవింగ్’ ఇంకా ఘోరం. కొసన ఉన్న ఎండ్ క్యాప్ ఊడదీసి, లోపలి గోడను లేత్ మీద గీకి పల్చన చేసి, మళ్లీ క్యాప్ అంటిస్తారు. అలాంటి బ్యాటు ముందు పిచ్ చేయాల్సింది ఎవరి పిల్లో ఒకసారి ఆలోచించాలి.

కనిపెట్టే గుర్తులు కొన్ని. క్యాప్ అంచున కొత్త జిగురు, గీతలు, చుట్టూ సమానంగా లేని సందు, రాసిన బరువు కంటే కాటాలో తగ్గడం షేవింగ్ లక్షణాలు. బ్యారెల్ పొడవునా నిలువుగా మెరుగు చారలు రోలింగ్‌వి. మీ జట్టు బ్యాట్లకైతే ఇంకో ఉపాయం ఉంది. నాబ్ కింద రెండు వేళ్లతో వేలాడదీసి, బ్యారెల్ మీద సాఫ్ట్‌బాల్‌తోనో చెక్క సుత్తితోనో కొట్టి, ఫోనులోని శబ్ద విశ్లేషణ యాప్‌తో రికార్డు చేయండి. బ్యారెల్ గుండ్రం నొక్కుకుని విచ్చుకునేటప్పుడు వచ్చే ‘టింగ్’ సాధారణంగా వెయ్యి హెర్ట్జ్ పైన బలంగా కనబడుతుంది. గోడ మెత్తబడేకొద్దీ ఆ అంకె దిగుతుంది. కొన్న రోజే రాసిపెట్టుకోండి, నెలకోసారి పోల్చండి. నెమ్మదిగా దిగితే సహజమే. రెండు వారాల్లో ఒక్కసారిగా పడిపోతే, ఎక్కడికెళ్లి వచ్చిందో అడగండి. దీన్ని సాక్ష్యంగా అంపైరు ముందు పెట్టలేరు కానీ మీకు తెలుస్తుంది.

సరైన పద్ధతిలో అలవాటు చేయడానికి అసలు సాఫ్ట్‌బాల్‌తో 150 నుంచి 200 దెబ్బలు చాలు. మొదటి యాభై సగం బలంతో, బంతిని టీ (బంతి నిలబెట్టే స్టాండు) మీద పెట్టి కొట్టాలి. ప్రతి దెబ్బకూ బ్యాటును ఎనిమిదో వంతు తిప్పాలి, లేకపోతే ఒక పక్కే మెత్తబడి అక్కడే పగులుతుంది. యంత్రంలో వేసే గుంతల ప్లాస్టిక్ బంతులు వాడొద్దు.

ప్రశ్న: మైదానంలో పది నిమిషాల్లో రెండు జట్ల బ్యాట్లు తనిఖీ చేయాలి. ఏ వరుసలో చూడాలి? ఏం వెంట ఉండాలి?
– జిల్లా స్థాయి అంపైరు, గుంటూరు

జవాబు: రింగు, కొలిచే టేపు, వంటింటి డిజిటల్ కాటా, దూది. ఇంతే. రింగు బయట కొననక్కర్లేదు, విజయవాడ ఆటోనగర్‌లో ఏ లేత్ పనివాడైనా అల్యూమినియం ముక్కలో కోసిస్తాడు. బ్యాటు వ్యాసం పరిమితి 2.25 అంగుళాలు, అంటే 57.15 మిల్లీమీటర్లు. వాడకంలో ఉబ్బుకు 1/32 అంగుళం, 0.8 మిల్లీమీటర్ సడలింపు ఉంది. లోపలి వ్యాసం 57.9 పెట్టించండి, కొలత వెర్నియర్‌తో మీరే చూసుకోండి. లేత్ వాళ్లు 58 అనేస్తారు.

ముందు రింగు. బ్యారెల్ మొత్తం మీదుగా సాఫీగా జారాలి. సొట్ట పడిన అల్యూమినియం బ్యాటు ఒక పక్క నొక్కుకుపోయి ఇంకో పక్క ఉబ్బుతుంది, రింగు అక్కడ ఆగిపోతుంది. అలా కోలగా మారిన బ్యాటు పనికిరాదు. తర్వాత పొడవు 34 అంగుళాలు, బరువు 38 ఔన్సులు, దాదాపు 1,077 గ్రాములు. ఈ రెండింటిలో తప్పేది అరుదు, అనుమానం వస్తేనే కాటా తీయండి.

గ్రిప్ 10 అంగుళాలకు తగ్గకూడదు, నాబ్ వైపు నుంచి 15 అంగుళాలు దాటకూడదు. బడి జట్లలో ఎక్కువగా పట్టుబడేది ఇదే. పాత గ్రిప్ చిరిగితే నున్నటి ఎలక్ట్రికల్ టేపు చుట్టేస్తారు, అది చెల్లదు. టేపు చుడితే రెండు పొరలకు మించకూడదు. నాబ్ వదులుగా ఉందేమో మెలేసి చూడండి.

అప్పుడు దూది. బ్యారెల్ మీద మెల్లగా రుద్దితే సన్న పగులు ఉన్నచోట పోగు చిక్కుకుంటుంది. రంగు మీది గీత అయితే చిక్కదు, గోరు కూడా పట్టదు. చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంటే, ఊడిన జిగురు ముక్కే అని వాళ్లు ఎంత చెప్పినా, పక్కన పెట్టాల్సిందే. చివరగా బ్యారెల్ కొసను నేల మీద ఆనించి నాబ్ మీద బరువు వేసి మెలేయండి. కరకర శబ్దం వస్తే పిడికీ బ్యారెల్‌కీ మధ్య అతుకు పోయినట్టే. ఇవన్నీ దాటిన వాటికే ముద్ర, జాబితా చూడండి. పగిలిన బ్యాటుకు జాబితా వెతకడం వృథా శ్రమ.

ప్రశ్న: ‘బీపీఎఫ్ 1.20’ ముద్ర ఉన్న బ్యాటు, ‘బీబీకోర్ 0.50’ ముద్ర ఉన్న బ్యాటు సాఫ్ట్‌బాల్‌కి పనికొస్తాయా?
– క్రీడా సామగ్రి దుకాణదారు, బీసెంట్ రోడ్డు, విజయవాడ

జవాబు: మొదటిది యూఎస్ఎస్ఎస్ఏ అనే వేరే అమెరికన్ సంస్థది, కొలిచే పద్ధతే వేరు. ఆ ఒక్క ముద్రతో యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ నియమాల కింద ఆడలేరు. రెండోది బేస్‌బాల్ బ్యాటు. దాని బ్యారెల్ 2.625 అంగుళాల దాకా ఉంటుంది, రింగులోనే పట్టదు. బేస్‌బాల్ అని, సాఫ్ట్‌బాల్ అని రెండు వేరే అరల్లో పెట్టి అమ్మండి. కారు సీటు కింద పెట్టుకోవడానికి కొనేవాళ్లకు ఏదైనా ఒకటే, కానీ బడి పిల్లలకు కాదు.

ప్రశ్న: మా వీధి పిల్లలు సాఫ్ట్‌బాల్ బ్యాటుతో క్రికెట్ బంతి కొడుతున్నారు. ఏమైనా అవుతుందా?
– గుణదల, విజయవాడ

జవాబు: అవుతుంది. క్రికెట్ బంతి బరువు సాఫ్ట్‌బాల్ కంటే తక్కువే, కానీ చిన్నది, గట్టిది. దెబ్బంతా చిన్న చోట పడుతుంది. అల్యూమినియం సొట్టపోతుంది, కంపోజిట్ పగులుతుంది. టెన్నిస్ బంతి అయితే పర్వాలేదు.

ప్రశ్న: మే నెల శిబిరంలో ఉదయం ఆరింటికి బాగా వెళ్లే బంతి సాయంత్రం నాలుగింటికి వెళ్లడం లేదు. పిల్లల అలసటా, బ్యాటా?
– శిబిరం నిర్వాహకుడు, విజయవాడ

జవాబు: అలసట ఉంటుంది, కానీ ముఖ్య నిందితుడు బంతి. సాఫ్ట్‌బాల్ లోపలి గుండు పాలీయురేథేన్, వేడికి మెత్తబడుతుంది. ప్రమాణ పరీక్షల్లో బంతిని 22 డిగ్రీల దగ్గర, 50 శాతం తేమలో ఉంచి, పావు అంగుళం నొక్కడానికి ఎంత బలం కావాలో కొలుస్తారు. ఫాస్ట్‌పిచ్ 12 అంగుళాల బంతికి గరిష్ఠంగా 375 పౌండ్లు, అంటే 170 కిలోల బరువు. బంతి మీద 47, 375 అని అచ్చయి ఉండేది ఇదే. 52, 300 అని ఉంటే అది స్లోపిచ్ (నెమ్మదిగా విసిరే రకం ఆట) బంతి. మన దగ్గర ఎండలో సంచీలో పడున్న బంతి 22 డిగ్రీల దరిదాపుల్లో ఉండదు. మెత్తబడిన బంతి బ్యారెల్‌ను వంచలేక తానే నొక్కుకుంటుంది, శక్తి అక్కడే పోతుంది. వేడి గాలి పల్చన కాబట్టి బంతి కొంచెం ఎక్కువ దూరం పోవాలి, కానీ ఆ లాభం ఈ నష్టాన్ని పూడ్చదు.

బంతులను థర్మోకోల్ పెట్టెలో నీడన ఉంచండి, ఐసు వేయొద్దు, తోలు తడి పీలిస్తే బరువెక్కుతుంది. బ్యాట్లను మూసిన కారులో, డిక్కీలో వదలొద్దు. ఎండ్ క్యాప్ జిగురు ముందుగా దెబ్బతింటుంది.

దీనికి తలకిందుల సంగతి ఒకటి. డిసెంబరు, జనవరిలో ఉత్తరాది పోటీలకు వెళ్లినప్పుడు తెల్లవారుజామున 15 డిగ్రీల కంటే చలి ఉంటే కంపోజిట్ బ్యాటు తీయకండి. చలికి బంతి రాయిలా గట్టిపడుతుంది, రెజిన్ పెళుసు బారుతుంది. మన వైపు రెండేళ్లు వచ్చిన బ్యాటు అక్కడ మొదటి ప్రాక్టీసులోనే పగలవచ్చు. పొద్దెక్కేదాకా అల్యూమినియంతో కానివ్వండి.

ప్రశ్న: ఫోను స్లోమోషన్ వీడియోతో బంతి వేగం కొలిచి, మా బ్యాటు 98 లోపల ఉందో లేదో తేల్చుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: తేల్చుకోలేరు, పోల్చుకోగలరు. టీ నుంచి బంతి వెళ్లే దారి పక్కన 3 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతండి. ఫోనును ఆ దారికి అడ్డంగా, వీలైనంత దూరంలో, రెండు కర్రలకూ మధ్యలో కదలకుండా నిలబెట్టండి. బంతి కర్రల వరుస మీదుగానే వెళ్లాలి, ఫోను వైపు జరిగితే లెక్క తప్పుతుంది. సెకనుకు 240 ఫ్రేముల్లో తీస్తే, సెకనుకు 30 మీటర్లతో వెళ్లే బంతి 3 మీటర్లను 24 ఫ్రేముల్లో దాటుతుంది. ఒక్క ఫ్రేము అటూఇటూ అయితే 4 శాతం తేడా. 158 కిలోమీటర్ల బంతి అయితే 16 ఫ్రేముల్లోనే దాటుతుంది, తేడా 6 శాతం, అంటే దాదాపు 10 కిలోమీటర్లు, పరిమితిలో ఉన్న బ్యాటుకూ దాటిన బ్యాటుకూ మధ్య తేడా అంతకంటే చిన్నది. పైగా మీ స్వింగు ప్రతిసారీ ఒకేలా ఉండదు. అందుకని ఒకే పూట, ఒకే బంతితో, ఒకరే ఒక్కో బ్యాటుతో ఇరవైసార్లు మార్చి మార్చి కొట్టి సగటు తీయండి. రెండు బ్యాట్లలో ఏది ముందుందో ఆ సగటు చెబుతుంది.